కత్తెర పడని 30 నిమిషాలు: వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టుపై సమీక్ష

యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి తాను చూసినదాన్ని తన గొంతుతోనే చెబితే, ఆ మాటను కత్తిరించకుండా దాచి, తరువాతి తరాలకు ఉచితంగా వినిపించే సేవలలో అమెరికా చట్టసభ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడుపుతున్న వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు అతి పెద్దవాటిలో ఒకటి. శ్రోతగా దీన్ని వాడిన అనుభవంతోను, జ్ఞాపకాలను ఇచ్చే దాతలకు అది పెట్టే నిబంధనలను, అందించే పత్రాలను చదివిన మీదట ఏర్పడిన అభిప్రాయంతోను ఈ సమీక్ష రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పడం పాఠకుడికి సౌకర్యం. భాండాగారంగా ఇది గొప్పది. శ్రోతకు దారి చూపడంలో మధ్యరకం. పిల్లల చేత పెద్దలను ప్రశ్నింపజేసే పద్ధతిగా మాత్రం దీనికి సాటి వచ్చేది నాకు కనబడలేదు. చాలామంది దీన్ని వినే చోటుగానే ఎరుగుదురు. అడగడం నేర్పే చోటుగా ఎరిగినవారు తక్కువ.

సేవ పుట్టుక గురించి కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే దాని స్వభావం అక్కడే ఏర్పడింది. విస్కాన్సిన్ నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికైన రాన్ కైండ్, ఒక కుటుంబ సమావేశంలో తన తండ్రీ మరో పెద్దాయనా తమ సైనిక జీవితపు సంగతులు చెప్పుకుంటుంటే విని, తన ఇద్దరు పసికొడుకులు పెద్దయ్యాక అవి వినాలన్న కోరికతో వీడియో కెమెరా తెచ్చి రికార్డు చేశారు. ఆ ఆలోచన బిల్లుగా మారి, 2000 అక్టోబరు 27న అప్పటి అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకంతో చట్టమైంది. దాని నిర్వహణ సైనిక శాఖ చేతికి పోలేదు. లైబ్రరీలోనే 1976 నుంచి ఉన్న అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్‌కు, అంటే జానపద జీవితాన్ని సేకరించే విభాగానికి, దాన్ని అప్పగించారు. ఈ ఏర్పాటు ప్రభావం సంభాషణల్లో అడుగడుగునా వినిపిస్తుంది. సైనిక చరిత్రకారుడికి ఏ దళం ఏ గుట్టను ఏ రోజున పట్టుకుందన్నది ముఖ్యం. జానపద పరిశోధకుడికి ఆ రాత్రి వాళ్లు ఏం తిన్నారు, ఎలా పొద్దుపుచ్చారు, ఇంటికి కబురు ఎలా పంపారు అన్నవి ముఖ్యం. మొదటి రకం ప్రశ్నలకు జవాబులు దళాల దినచర్య పుస్తకాలలో దొరుకుతాయి. రెండో రకానికి ఆ మనిషి తప్ప వేరే ఆధారం ఉండదు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల వరకు పనిచేసినవారి సేకరణలు ఇందులో లక్షకు పైగా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అమెరికన్లలో చివరివాడు, 2011 ఫిబ్రవరి 27న 110 ఏళ్ల వయసులో మరణించిన ఫ్రాంక్ బకల్స్ మాటలూ వాటిలో ఉన్నాయి. ఇక్కడ చోటు దొరకడానికి పతకం అక్కరలేదు, తుపాకి పేల్చి ఉండనక్కరలేదు. వంటశాలలో పనిచేసినవాడు, లారీ తోలినవాడు, జీతాల లెక్కలు రాసిన గుమాస్తా, గాయాలు కట్టిన నర్సు, అందరూ సమానంగానే వస్తారు. వినగా వినగా నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, యుద్ధం అనేది ఎంత భాగం ఎదురుచూపు, ఎంత భాగం సామాను మోత, ఎంత భాగం విసుగు అన్నది ఇటువంటివారు చెప్పినప్పుడే తెలుస్తుంది. వీరగాథలు మాత్రమే విని పెరిగిన పిల్లవాడికి ఈ విసుగు వినిపించడం చిన్న మేలు కాదు.

కాగితాలు ఉండగా ఈ మాటలెందుకు అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వారికి 1973 జూలై 12 గుర్తు చేయాలి. ఆ రోజు సెయింట్ లూయిస్ నగర శివారులోని సైనిక సిబ్బంది రికార్డుల కేంద్రంలో నిప్పంటుకుని కోటీ 60 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా వ్యక్తిగత ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య అమెరికా ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం ఆ అగ్నిప్రమాదంలో పోయాయి. వాటికి నకళ్లు లేవు. రెండు ప్రపంచ యుద్ధాలూ, కొరియా యుద్ధమూ ఆ కాలంలోనివే. కాబట్టి అనేక కుటుంబాలకు తాత ఎక్కడ పనిచేశాడో చెప్పగల సాక్ష్యం తాత మాటలూ, పెట్టె అడుగున మిగిలిన నాలుగు ఉత్తరాలూ మాత్రమే అయ్యాయి. ఆ తాతలు కూడా ఎంతమంది మిగిలారు? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పనిచేసిన సుమారు కోటీ 60 లక్షల మందిలో నేడు జీవించి ఉన్నది నూటికి ఒక్కరు కూడా కాదు.

ఇక సేవ పెట్టే నిబంధనల సంగతి. సంభాషణ ఆడియోగా గానీ వీడియోగా గానీ కనీసం 30 నిమిషాలు ఉండాలి, దాన్ని ఎడిట్ చేయకూడదు. సంభాషణ కాకపోతే, కనీసం 20 పుటల స్వీయ జ్ఞాపకాలు లేదా దినచర్య, లేదా కనీసం 10 అసలు ఉత్తరాలో ఫోటోలో ఇవ్వవచ్చు. మనిషి అప్పటికే పోయినా ఆయన కాగితాలను కుటుంబం అందించే వీలుంది. పతకాలు, యూనిఫారాలు వంటి వస్తువులను తీసుకోరు. మొదటిసారి చదివినప్పుడు ఇవి గుమాస్తా పెట్టిన కొలతల్లా అనిపించవచ్చు గాని, 30 నిమిషాల నియమం వెనుక మనుషుల స్వభావం బాగా ఎరిగిన తెలివి ఉంది. ఎవరైనా యుద్ధం గురించి అడిగితే చాలామంది మాజీ సైనికుల దగ్గర సిద్ధంగా ఒక చిన్న కథ ఉంటుంది. విందుల్లో, సన్మాన సభల్లో, మనవల ముందు చెప్పిచెప్పి నున్నగా అరిగిన కథ అది. నవ్వాల్సిన చోటు, ఆగాల్సిన చోటు అన్నీ కుదిరి ఉంటాయి. అది చెప్పడానికి పది నిమిషాలు చాలు. ఆ కథ అయిపోయాక కూడా కెమెరా నడుస్తూనే ఉంటుంది గనుక, అడిగేవారు ఇంకో ప్రశ్న వేయక తప్పదు, చెప్పేవారు ఎన్నడూ చెప్పని చోటికి వెళ్లక తప్పదు. నేను విన్నవాటిలో విలువైన మాటలు ఎక్కువగా ఆ రెండో భాగంలోనే తగిలాయి.

ఎడిట్ చేయకూడదన్న షరతు కూడా ఇంతే అవసరమైనది. కత్తిరించిన సంభాషణలో కత్తిరించినవాడి అభిరుచి మిగులుతుంది. తడబాటు, మౌనం, ఊరి పేరు గుర్తుకు రాక భార్యను అడగడం, తేదీ చెప్పి మళ్లీ దిద్దుకోవడం వంటివన్నీ నేలపాలవుతాయి. ఇప్పటి శ్రోతకు అవి విసుగు పుట్టించవచ్చు. కానీ ఒక మనిషి ఏ విషయాన్ని ధారాళంగా చెబుతున్నాడు, ఏ విషయం దగ్గర ఆగిపోతున్నాడు అన్నది తెలియాలంటే అవి ఉండాలి. యాభై ఏళ్ల తరువాత వినేవాడికి ఏది ముఖ్యమవుతుందో ఈ రోజు కత్తెర పట్టినవాడికి తెలిసే అవకాశం లేదు.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది, దాతలకు ఉచితంగా ఇచ్చే చిన్న సామగ్రి. దాన్ని ఫీల్డ్ కిట్ అంటారు. అందులో దరఖాస్తు పత్రాలు, రికార్డింగుకు సూచనలు, నమూనా ప్రశ్నలు ఉంటాయి. ఆ ప్రశ్నలను ఎవరు రాశారో గాని వారికి మనుషుల చేత మాట్లాడించడం బాగా తెలుసు. మిమ్మల్ని నిర్బంధంగా చేర్చారా, మీరే చేరారా? అప్పుడు ఎక్కడ ఉండేవారు? శిక్షణలో మొదటి రోజులు ఎలా గడిచాయి? ఇంటివారితో ఎలా సంబంధం ఉంచుకున్నారు? తిండి ఎలా ఉండేది? కలిసివస్తుందని ప్రత్యేకంగా ఏమైనా చేసేవారా? తోటివారిని ఆటపట్టించడానికి ఏం చేసేవారు? సేవ ముగిసిన రోజు గుర్తుందా? వీటిలో ఒక్కటి కూడా ఎంతమందిని చంపారని అడగదు. కుర్రవాడికి మొదట నోటికి వచ్చే ప్రశ్న అదే, పెద్దాయన నోరు మూయించే ప్రశ్నా అదే. తిండి గురించి అడిగితే జవాబు తిండి దగ్గర ఆగదు. పక్కన కూర్చుని తిన్నవాడి పేరు వస్తుంది, వాడు ఏమయ్యాడో వస్తుంది. అదృష్టం కోసం జేబులో ఏం పెట్టుకున్నారని అడిగితే భయం గురించి అడగకుండానే భయం బయటపడుతుంది.

ఈ ప్రశ్నల క్రమం కూడా గమనించదగ్గది. పుట్టిన ఊరు, చదువు, సైన్యంలో చేరిక, ప్రయాణం, పని, తిరిగి రావడం, ఆ తరువాతి జీవితం అన్న కాలక్రమంలో అవి సాగుతాయి. జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనల్లో స్థిరపడిన ఒక సంగతి ఏమిటంటే, వృద్ధులు తమ కౌమారపు, తొలి యవ్వనపు రోజులను మధ్య వయసు రోజులకన్నా దట్టంగా, స్పష్టంగా గుర్తుంచుకుంటారు. సైన్యంలో చేరే వయసు సరిగ్గా అదే. కాబట్టి ముందు చిన్ననాటి ఇంట్లోకి తీసుకెళ్లి, అక్కడినుంచి మెల్లగా శిక్షణ శిబిరానికి నడిపిస్తే, యుద్ధం ఒక ఘట్టంలా విడిగా కాక ఒక జీవితంలో భాగంగా బయటికి వస్తుంది. తిరిగి వచ్చాక ఏం చేశారన్న ప్రశ్నను తొందరలో వదిలేసే ఇంటర్వ్యూలు చాలా విన్నాను. ఉద్యోగం దొరకడం, నిద్ర పట్టకపోవడం, పెళ్లి, ఎవరికీ చెప్పుకోలేకపోవడం, ఇవన్నీ ఆ ప్రశ్న వెనుకే ఉంటాయి. కిట్ దాన్ని అడగమంటుంది. అడిగేవారే అప్పటికి అలసిపోతారు.

హైస్కూలులో పదో తరగతి నుంచి ఆ పై విద్యార్థులు ఇంటర్వ్యూ చేయవచ్చని ప్రాజెక్టు నిబంధన. యువతరం కోసం జ్ఞాపకాలను భద్రపరచడం అంటే సాధారణంగా మనం ఊహించేది, పెద్దలు రికార్డు చేసి పెడితే పిల్లలు తరువాత వింటారని. నిజానికి పదహారేళ్ల వయసువారు తమంతట తాము కూర్చుని గంటన్నర సేపు ఒక అపరిచిత వృద్ధుడి మాటలు వినడం అరుదు. అదే పిల్లవాడిని ఆ వృద్ధుడి ఎదురుగా కూర్చోబెట్టి, ప్రశ్నల కాగితం చేతికిచ్చి, ముందుగా ఆ యుద్ధం గురించి, ఆ దళం గురించి, ఆ ప్రాంతపు పటం గురించి చదివి రమ్మంటే, వాడు వినక తప్పదు. తాను వేసిన ప్రశ్నకు వచ్చిన జవాబు వాడికి జీవితాంతం గుర్తుంటుంది. లక్ష సేకరణలలో ఎన్నిటిని ఎంతమంది విన్నా వినకపోయినా, వాటిలో విద్యార్థులు చేసిన ప్రతి ఇంటర్వ్యూ కనీసం ఒక యువకుడికో యువతికో ఆ క్షణంలోనే చేరింది. ఈ కారణం చేతనే దీన్ని విద్యాసంస్థలకు నేను మొదట సిఫారసు చేస్తాను.

విద్యార్థుల ఇంటర్వ్యూలన్నీ బాగుంటాయని దీని అర్థం కాదు. కాగితం మీది ప్రశ్నలను వరుసగా చదివేసేవారు చాలామంది. పెద్దాయన తన స్నేహితుడి మరణం చెప్పి ఆగితే, ఆ నిశ్శబ్దానికి భయపడి, మీకు పతకాలేమైనా వచ్చాయా అని తరువాతి ప్రశ్నకు దూకేస్తారు. మౌనంగా కొన్ని క్షణాలు ఆగగలగడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన నైపుణ్యం. కాగితం మీద రాసి ఇస్తే వచ్చేది కాదు. పాఠశాలలు ముందు పిల్లల చేత ఒకరినొకరు ప్రశ్నించుకునే అభ్యాసం చేయించాలి. ధ్వని విషయంలోనూ లోపాలు తరచుగా వినిపిస్తాయి: ఫ్రిజ్ మోత, గోడగడియారం, మైకు దూరంగా ఉండడం వల్ల వినపడకుండా పోయిన మాటచివరలు. నిశ్శబ్దమైన గది చూసుకోమని సూచనలలో ఉన్నా పాటించేవారు పాటిస్తారు, లేనివారు లేదు. ఎంత నాసిరకం రికార్డింగైనా నిబంధనకు సరిపోతే తీసుకోవడం ఈ సేవ ఉదారత; శ్రోత చెల్లించే ధర కూడా అదే.

వెబ్‌సైటు విషయానికి వస్తే, యుద్ధం పేరుతోను, దళం పేరుతోను, మనిషి పేరుతోను వెదకవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు. అయితే జాబితాలో కనిపించే ప్రతి సేకరణా అక్కడికక్కడే వినడానికి ఉండదు. డిజిటల్ రూపంలోకి రానివాటిని ముందుగా తెలియజేసి వాషింగ్టన్‌లోని పఠనమందిరానికి వెళ్లి చూడాలి. దూరదేశాల శ్రోతకు ఇది పెద్ద ఆటంకమే. ఎన్నో సంభాషణలకు లిఖిత ప్రతులు లేవు. దానివల్ల ఇంటర్వ్యూ మధ్యలో ప్రస్తావించిన ఓడ పేరో ఊరి పేరో వెదికితే దొరకదు, మొత్తం వినాల్సిందే. వినికిడి లోపం ఉన్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు. కొన్ని అంశాల కింద ఎంపిక చేసిన కథనాలను కూర్చి పెట్టిన విభాగం ఒకటుంది, సర్వింగ్: అవర్ వాయిసెస్ అని పేరు. కొత్తవారు వెదుకులాటతో మొదలుపెట్టక అక్కడినుంచి మొదలుపెట్టడం మేలు. అది సముద్రంలోంచి తీసిన దోసెడు నీళ్లే, కానీ దాహానికి దోసెడు చాలు.

ఇక్కడ లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ధ్వని భాండాగారంతో పోల్చకుండా ఉండలేను. మ్యూజియం 1917లో ఏర్పడింది. ధ్వని విభాగం 1972లో మొదలైంది. అక్కడ ఇంటర్వ్యూలు చేసినవారిలో ఎక్కువమంది శిక్షణ పొందినవారు కావడంతో ప్రశ్నలు లోతుగా సాగుతాయి, తొందరపాటు కనిపించదు. అంతకన్నా ముఖ్యంగా, ప్రతి సంభాషణనూ రీళ్లుగా విభజించి, ఏ రీలులో ఏ ఊరు, ఏ ఘటన, ఏ అభిప్రాయం ఉందో జాబితాలో క్లుప్తంగా రాసి పెట్టారు. వాటిలో చాలా భాగాన్ని ఇంట్లో కూర్చుని వినవచ్చు. కందకాలలో ఎలుకల గురించి వినాలనుకున్న విద్యార్థి నేరుగా ఆ రీలుకు వెళ్లగలడు. శ్రోత సౌకర్యం ఒక్కటే కొలత అయితే లండన్ సేవకే నా ఓటు. కానీ అక్కడ అడిగేవాడు నిపుణుడు, వినేవాడు మనం. వాషింగ్టన్ సేవలో ఎవరైనా అడిగేవారు కావచ్చు. రెండింటి ప్రయోజనమూ వేరు.

నిజానిజాల ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. దాతలు చెప్పినదాన్ని ప్రాజెక్టు ఆధారాలతో సరిచూడదు; చెప్పినది చెప్పినట్టు దాచుతుంది. కాబట్టి జరిగినదానికి చిలవలు పలవలు చేర్చినవారూ, రాని పతకాన్ని వచ్చిందన్నవారూ ఇంత పెద్ద సేకరణలో ఉండకుండా పోరు. అబద్ధమాడే ఉద్దేశం లేనివారి విషయంలో కూడా జ్ఞాపకం తన పని తాను చేస్తుంది. తరువాత చూసిన సినిమాలు, చదివిన పుస్తకాలు, తోటివారి సమావేశాల్లో విన్న కథలు సొంత అనుభవంలో కలిసిపోతాయి. యాభై ఏళ్ల తరువాత చెప్పిన తేదీని నమ్మడం కంటే అప్పటి ఉత్తరం మీది తేదీని నమ్మడం మంచిది. అందుకే ఉత్తరాలూ సంభాషణా రెండూ ఉన్న సేకరణలు ఈ భాండాగారంలో మేలైనవి. ఇరవై ఏళ్ల కుర్రవాడు తల్లికి ధైర్యం చెబుతూ రాసినదాన్ని, ఎనభై ఏళ్ల మనిషి అదే వారం గురించి చెప్పినదానితో పక్కపక్కన పెట్టి చూస్తే, రెండూ కలవని చోట్లే ఎక్కువ చెబుతాయి. ఉత్తరంలో అతడు క్షేమంగా ఉన్నానని రాశాడంటే అది అబద్ధమని కాదు, సెన్సారు చేసే అధికారీ తల్లీ ఇద్దరూ చదువుతారని అతడికి తెలుసు. ఈ తేడాను విద్యార్థికి చూపించగల ఉపాధ్యాయుడు ఉంటే, సరిచూడకపోవడమనే లోపమే పాఠంగా మారుతుంది. అటువంటి ఉపాధ్యాయుడు లేకుండా పిల్లలను దీనిమీదికి వదిలితే ప్రతి మాటనూ వేదవాక్కుగా తీసుకునే ప్రమాదం ఉంది. హెచ్చరికను ప్రతి సేకరణ పుటలోనూ స్పష్టంగా కనిపించేలా పెడితే బాగుండేది.

మాట్లాడనివారి సంగతి వేరు. కొందరు మాట్లాడకూడదన్న ఆజ్ఞ వల్ల మాట్లాడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ మాతృభాషనే రహస్య సంకేతంగా వాడిన నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ సైనికుల పని 1968 వరకు ప్రభుత్వ రహస్యంగానే ఉంది; అంతవరకు వారు ఇంట్లో కూడా నోరు విప్పడానికి వీల్లేదు. వారిలో కొందరి సంభాషణలు ఈ సేకరణలో ఉన్నాయి, తప్పక వినదగ్గవి. మరికొందరిని ఏ ఆజ్ఞా ఆపలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో బెల్జియంలోని పాషెండేల్ దగ్గర పోరాడిన బ్రిటిష్ సైనికుడు హ్యారీ ప్యాచ్ తనకు నూరేళ్లు వచ్చేదాకా ఆ సంగతులు ఎవరితోనూ చెప్పలేదు. ఆ తరువాత, 2009 జూలైలో 111 ఏళ్ల వయసులో కన్నుమూసేవరకు, చెబుతూనే ఉన్నారు. అంటే ఇవాళ కాదన్న మనిషి ఎప్పటికీ కాదంటాడని అనుకోనక్కరలేదు. అలాగని పదేపదే అడిగి పుండును కెలికే హక్కూ ఎవరికీ లేదు. ప్రాజెక్టు పద్ధతిలో చెప్పేవారి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి, అడిగేవారి అనుమతీ తప్పనిసరి. కాపీరైటు దాత దగ్గరే ఉంటుంది, లైబ్రరీకి దక్కేది భద్రపరచి అందుబాటులో ఉంచే అనుమతి. ఇది గౌరవప్రదమైన ఏర్పాటు. ఒక్క సంగతి మాత్రం ముందే వివరించి చెప్పాలి: ఈ మాటలు లోకంలో ఎవరైనా వినగలిగేలా అంతర్జాలంలో పెట్టే అవకాశం ఉంది. మనవరాలి ముందు చెప్పుకున్న మాట తోటి సైనికుడి కుటుంబం చెవిన కూడా పడవచ్చు. సంతకం పెట్టించుకునే విద్యార్థి ఇది తనకు అర్థమై, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పాకే కలం ఇవ్వాలి.

తిరిగి రానివారి తరఫున మాట్లాడేవారికి కూడా 2016లో చేసిన చట్టంతో ఇందులో చోటు కల్పించారు. సైనిక సేవలో ప్రాణాలు కోల్పోయినవారి తల్లిదండ్రులు, జీవిత భాగస్వాములు, తోబుట్టువులు, పిల్లలు తమ జ్ఞాపకాలను ఇవ్వవచ్చు. ప్రత్యక్ష జ్ఞాపకం అన్న నియమాన్ని ఇది సడలించిందని కొందరు అనవచ్చు గాని, నా దృష్టిలో తలుపు తట్టిన వార్తను అందుకోవడం కూడా యుద్ధానుభవమే.

వేరే సేవల గురించి క్లుప్తంగా. బీబీసీ 2003 నుంచి 2006 వరకు నడిపిన డబ్ల్యూడబ్ల్యూ2 పీపుల్స్ వార్‌లో 47,000 కథనాలు, 15,000 చిత్రాలు చేరాయి. ఇవి ప్రధానంగా రాతపూర్వకమైనవి కావడం వల్ల వెదకడానికి, చదవడానికి సులువు. గొంతు ఉండదు, కొత్తవి చేరవు. న్యూ ఓర్లీన్స్‌లోని నేషనల్ వరల్డ్ వార్ 2 మ్యూజియం 2024లో ప్రారంభించిన ప్రదర్శనలో, ముందుగా వందల ప్రశ్నలకు జవాబులు రికార్డు చేసిన వృద్ధుల వీడియో ముందు నిలబడి సందర్శకుడు ప్రశ్న అడిగితే, యంత్రం ఆ ప్రశ్నకు తగిన రికార్డును ఎంచి చూపుతుంది. జవాబును యంత్రం తయారు చేయదు, ఆ మనిషి నిజంగా అన్న మాటనే చూపుతుంది. ఈ గీత దాటనంతవరకు నాకు అభ్యంతరం లేదు; పిల్లలకు అడిగే చొరవ ఇస్తుంది గనుక సంతోషమే. పోయినవారి ముఖానికి కొత్త మాటలు కల్పించి పలికించే రోజు వస్తే మాత్రం అటువంటి సేవను భద్రపరచడం అనే మాటతో పిలవకూడదు.

దాతలకు కొన్ని ఆచరణాత్మక విషయాలు. లైబ్రరీకి వచ్చే తపాలా భద్రతా తనిఖీల గుండా పోతుంది గనుక ప్రైవేటు కొరియరు వాడమని ప్రాజెక్టు వారే సూచిస్తారు. అందిన సామగ్రి జాబితాలోకి ఎక్కడానికి నెలలు పడుతుంది, కాబట్టి పెద్దాయన పుట్టినరోజుకు ఇంటిల్లిపాదీ కలిసి వెబ్‌సైటులో చూపించాలనుకునేవారు చాలా ముందుగా పంపాలి. పత్రాలలో పేరు, దళం, కాలం అన్నీ ఒకే రకంగా ఉన్నాయో లేదో సరిచూడాలి. తరువాత ఎవరైనా వెదికితే దొరికేది ఆ పత్రంలో రాసిన అక్షరాలను బట్టే. రికార్డింగు మొదట్లో తేదీ, స్థలం, మాట్లాడేవారి పేర్లు స్పష్టంగా చెప్పించాలి. పంపిన ఉత్తరాలు, ఫోటోలు లైబ్రరీ శాశ్వత సేకరణలో భాగమైపోతాయి, తిరిగి రావు. అందువల్ల పంపే ముందే ప్రతి ఉత్తరానికీ ఫోటోకూ స్కాన్ తీసి, రికార్డింగుకు కనీసం రెండు నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచుకుని, ఫోటోలలో ఉన్నవారి పేర్లను పెద్దాయన చేతనే చెప్పించి రాసుకోవాలి. పేరు లేని ఫోటోను ఏ లైబ్రరీ అయినా దాచగలదు గాని, అందులో నిలబడినవారెవరో చెప్పలేదు.